సగం మందు

ఆదిలాబాద్,
అక్టోబర్ 1961

అక్క నర్మదకు తమ్ముడు పర్శరాములు దండం పెట్టి రాస్తున్నది.

మొన్నటి జాబుల నేను బాగనే ఉన్న అని రాసిన. అది అబద్ధం అక్కా. అప్పటికే నెల సంది దగ్గు. నేను చేసేది దూది ఖాతాల కద, ఆడ దుమ్ము లేచి అందరికి దగ్గే, నాకూ అంతే అనుకున్న. పొద్దుమీకి జరం పట్టుడు సురువైనంక లింగవ్వ ఊకోలే. మిల్లోళ్ల బీమా దవాఖానకు తోలుకపోయింది. ఛాతి ఫోటో తీసిండ్రు. డాక్టరు దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి చాన సేపు చూసి, టీబీ అన్నడు. మనోళ్లు క్షయ అంటరు, అదే.

ఏడ్వకు. మన అవ్వను తీస్కపోయిన రోగమే, గని అప్పుడు మందు లేకుండె, ఇప్పుడున్నది. నీకు ఈ బీమా సంగతి ఎన్నడు చెప్పలే. నెల నెల మా తన్ఖాల కొంత కోస్తరు, మిల్లోళ్లు కొంత కలుపుతరు. దాని బదులు మాకు వేరే దవాఖాన. మందులిచ్చే కిటికీ కాడ రామచంద్రం అని గుమాస్త ఉన్నడు, జగిత్యాల దిక్కు మనిషి. మన మాట విని మనోడే అనుకొని నిమ్మళంగ చెప్పిండు. మందులు మూడు తీర్లట. ఒకటి దవాఖానలనే ఉండేది, చేతికిస్తరు, పైస అడగరు. రెండోది డాక్టరు చిట్టి రాస్తే మనమే బజార్ల కొనేది. రసీదు పెడితే పైసలు ఎన్కకిస్తరు, ఎప్పుడిస్తరన్నది ఆళ్ల ఇష్టం. మూడోది ఆళ్ల మందుల పట్టీల, అంటే జాబితాల, పేరే లేని మందు. దాన్ని డాక్టరు చెప్పినా సర్కారు ఇయ్యదు. తాకత్ మందు, చాప నూనె, అన్నీ ఆ మూడో తీరే.

నా రోగానికి సూదులు, గోలీలు మొదటి తీరు. నసీబు మంచిదే అనుకో. బావకు చెప్పు, జర నిమ్మళంగ చెప్పు.

పర్శరాములు

·

సిరిసిల్ల,
నవంబర్ 1961

తమ్ముడు పర్శరాములుకు అక్క దీవెనలు.

నీ జాబు చదివి పక్కకు పెట్టిన. మళ్ల తీసి చదివిన. అవ్వ పోయిననాడు నీకు ఇంక నడక రాలే. నిన్ను నేను సంకనేసుకొని తిరిగిన. నెల సంది దగ్గుకుంట నాకు బాగనే ఉన్న అని రాస్తివి. నీ మీద కోపం చెయ్యాల్నో, నిన్ను చూడ రావాల్నో తెల్వక ఇల్లంత తిరిగిన.

మీ బావకు చెప్పిన. ఆయన అన్నం ముందర కూసుండి చెయ్యి కడుక్కొని లేచిండు. మర్నాడు నరసింహస్వామికి మొక్కుకొని వస్తనని ధర్మపురి పోయిండు. ఎన్నడు దేవుని పేరెత్తని మనిషి.

నువ్వు పోయినంక ఊర్లె చెక్క మగ్గాలు తక్కువైనయ్. మీ బావది కూడ ఇప్పుడు కరెంటుతోని నడిచే మగ్గం, సాంచ మీదనే పని. ఆ కార్ఖానల ఎనిమిది మంది ఉంటరు. మీ మిల్లు అసొంటి బీమా ఈళ్లకు లేదా అని ఆయనను అడిగిన. ఇరవై మంది లేని కార్ఖానకు ఆ కానూన్ రాదట. మాకు దగ్గొస్తే శొంఠి కషాయమే. ఆయనకూ దగ్గున్నది, సాంచ చప్పుడుల వినపడదంతే.

లింగవ్వకు చెప్పు, నీ గిలాస, నీ పళ్లెం వేరే పెట్టమని. ఇది ఎడం చేసుడు కాదు, రేపు ఆమెకు రాకుండ.

నర్మద

·

ఆదిలాబాద్,
డిసెంబర్ 1961

అక్కకు దండాలు.

సూదులు నడుస్తున్నయ్. పొద్దున పోతే ఆడ బెంచి మీద కూసుండవెట్టి పొడుస్తరు. ఇంటికియ్యరు. గోలీలు మాత్రం పొట్లం కట్టి పక్షానికి సరిపోను చేతికిస్తరు, ఇంట్ల మింగుమంటరు. ఎన్ని మింగినవ్ అని అడిగేటోళ్లు లేరు.

ఒక్కసారి దగ్గు మందు లేదంటే చిట్టి మీద కొన్న. రసీదు తీస్కపోతే డాక్టరు దస్కతు లేదన్నరు. దస్కతు తీస్కపోతే చిట్టి తారీకు ముందున్నది, రసీదు తారీకు ఎన్కున్నది, నడుమ ఇన్ని దినాలెందుకన్నరు. ఆ నడుమ దుకాన్ల మందు లేకుండె అంటే, దుకానోని తోని రాయించుక రమ్మన్నరు. రోగం కన్న ఆ పైసల ఎంబడి తిరుగుడుకే ఎక్కువ అలుపొస్తున్నది. రామచంద్రం మంచోడే, ఆయన చేతుల ఏమి లేదు. రెండో తీరు మందు అంటేనే నాకిప్పుడు భయమైతున్నది.

జరం తగ్గింది. ఆకలైతున్నది. డాక్టరు గుడ్లు తిను, పాలు తాగు అంటడు.

అక్కా, బావ దగ్గు సంగతి నువ్వు ఒక్క మాటల రాసి దాటేసినవ్. కరీంనగర్ పోయి ఫోటో తీపియ్యి. నా లెక్క ఆలస్యం చెయ్యకుండ్రి.

పర్శరాములు

·

సిరిసిల్ల,
జనవరి 1962

తమ్మునికి,

నువ్వు చెప్పినట్టే పోవాల్నని అనుకుంటనే ఉన్నం. ఇంతల మొన్న మీ బావ సాంచ కాడ దగ్గి, నేసిన బట్ట మీద నెత్తురు కక్కిండు. కార్ఖాన ఆసామి బట్ట ఖరాబైందని ఏమనలే, రేపటి సంది రావద్దన్నడు. పక్కోళ్లు భయపడుతున్నరట.

కరీంనగర్ పెద్ద దవాఖానకు పోయినం. నీకు చెప్పిన మాటే మాకు చెప్పిండ్రు. సూది ఒకటి పొడిచిండ్రు. గోలీలు మాత్రం ఖతమైనయ్, వచ్చే నెల రాండ్రి, బయట దొరికితే కొనుక్కోండ్రి అన్నరు. దుకాన్ల అడిగిన. చెవుల కమ్మలు తీసిచ్చి కొన్ని తెచ్చిన. అవి అయిపోవస్తున్నయ్.

మీ బావ గోడ దిక్కు మొకం పెట్టి పండుకుంటుండు. నాతోని మాట్లాడుతలేడు. ఎవరికి భారం కావద్దన్న ఆలోచన ఏదో ఆయన మనసుల తిరుగుతున్నది, అది నాకు దడ పుట్టిస్తున్నది.

ఒక్క మాట అడుగుత, తప్పైతే మరిచిపో. మీ బీమా పుస్తకంల మీ బావకు జాగ ఉంటదా.

నర్మద

·

ఆదిలాబాద్,
ఫిబ్రవరి 1962

అక్కకు,

నీ జాబు పట్టుకొని ఆ పొద్దే రామచంద్రం కాడికి పోయిన. కార్మికుని కుటుంబానికి కూడ మందులియ్యాల్నని మొన్ననే మొదలువెట్టిండ్రట. కుటుంబమంటే ఎవరని అడిగిన. పెండ్లాం, చిన్న పిల్లలు, పోషణల ఉన్న అవ్వ బాపు. అంతే. నన్ను సాదినామె మా అక్కనే, అవ్వ లెక్కనే అని చెప్పిన. ఆయన కలం కింద పెట్టి, అది నాకు అర్థమైతది గని ఈ కాయితానికి అర్థం కాదు పర్శరాములూ అన్నడు. అక్క రాదు. అక్క మొగడు అసలే రాడు.

ఫికర్ చెయ్యకు. దేవుడు ఇంకో తొవ్వ చూపిచ్చిండు. నాకు నయమైతుండేసరికి డాక్టరు గోలీలు సగం చేసిండు. కిటికీ కాడ మాత్రం పాత లెక్కనే ఇస్తున్నరు. మిగిలినయ్ ఎన్కకు తీసుకోరు. మన ఊరి హనుమండ్లు నాతోనే మిల్లుల చేస్తడు కద, ఊరికొస్తుండు. పొట్లం ఆయన చేతికిచ్చిన. బావకు దినాం ఏయి. కరీంనగర్ సూదులు మాత్రం మానకుండ్రి.

బావకు నా మాటగ చెప్పు. గోడ దిక్కు కాదు, వాకిలి దిక్కు పండుకొమ్మను.

పర్శరాములు

·

సిరిసిల్ల,
ఏప్రిల్ 1962

తమ్మునికి అక్క దీవెనలు.

నీ మందు పనిచేసింది. మొదటి పొట్లం అయిపోయేసరికి జరం పోయింది. రెండో పొట్లానికి అన్నం అడిగి తినుడు సురువు చేసిండు. మొన్న నేను కండెలు చుడుతుంటె వచ్చి పక్కన కూసుండి, నీకు చేతనైతలేదు ఇటియ్యి అన్నడు. ఈయనకేం చేతనైతదని నేను నవ్విన. ఆయన కూడ నవ్విండు. పెండ్లైనప్పటి సంది ఇంత దగ్గరగ కూసుండి మాట్లాడింది లేదు తమ్ముడూ. ఎప్పుడు మగ్గమే, సాంచనే. రోగం మాకు తీరిక ఇచ్చింది.

కార్ఖానకు ఇంక రానిస్తలేరు. మా పాత చెక్క మగ్గం దుమ్ము దులిపి మళ్ల ఎక్కిచ్చిండు. పొద్దంత కాదు, చల్లపూట జరసేపు. ఆ చప్పుడు ఇంట్ల వినపడుతుంటె నాకు పానం లేచి వస్తున్నది.

నువ్వు మాత్రం నాలుగు ముక్కలే రాస్తున్నవ్. లింగవ్వ ఎట్లున్నది. నువ్వు ఎంత బరువెక్కినవో రాయి.

నర్మద

·

ఆదిలాబాద్,
మే 1962

అక్కకు,

అంత మంచిదే. పొట్లం పంపుతున్న. ఎండలు చాన కొడుతున్నయ్, అందుకే ఎక్కువ రాయలేకపోతున్న. బావ మగ్గం ఎక్కిండన్న మాట చదివి లింగవ్వకు కూడ వినిపిచ్చిన. ఆమె లేచి లోపలికి పోయింది.

బావను మందు మాననియ్యకు.

పర్శరాములు

·

సిరిసిల్ల,
జూన్ 1962

పర్శరాములుకు,

హనుమండ్లు తన తమ్ముని పెండ్లికి ఊరికొచ్చిండు. నువ్వు పంపిన పొట్లం తీస్కొని ఇంటికొచ్చిండు గని, చేతిల పెట్టకుండ వాకిట్లనే నిలవడ్డడు. మంచినీళ్లిచ్చి కూసోమన్న. కూసుండి నీ సంగతి చెప్పిండు.

నువ్వు దూది ఖాతాల కండ్లు తిరిగి పడిపోయినవట. మళ్ల నెత్తురు పడుతున్నదట. డాక్టరు నీ గోలీలు ఎన్నడు తగ్గియ్యలేదట. నువ్వే దినాం సగం మింగి సగం దాస్తున్నవట. లింగవ్వ కాళ్లు పట్టుకున్నా వినలేదట. ఆమె ఏడ్సుకుంట హనుమండ్లుకు చెప్పిందట, నేను చెప్తే వాళ్ల అక్క నన్ను తప్పు వడుతది, నువ్వే చెప్పు అన్నా అని.

మీ బావ లోపల మగ్గం మీద ఉన్నడు. చప్పుడు ఆగింది. లేచి వచ్చి ఆ పొట్లం హనుమండ్లు చేతుల నుంచి తీస్కొని, మళ్ల ఆయన చేతులనే పెట్టిండు. "ఇది నా మందు కాదు. ఎవనిదో వానికియ్యి" అన్నడు. మళ్ల పోయి మగ్గం మీద కూసున్నడు గని నెయ్యలే.

నాకేం రాయాల్నో తెలుస్తలేదు. నీ పెండ్లాం మొకం ఎట్ల చూడాలె నేను. నాకు తెలిస్తె తీసుకోకపోదును అని రాయబోయిన. తీసుకుందునో ఏమో తమ్ముడూ. అదే నన్ను తింటున్నది.

నిజం రాయి. అంత రాయి.

నర్మద

·

ఆదిలాబాద్,
జూలై 1962

అక్కకు,

హనుమండ్లు చెప్పింది నిజమే. ఇంకోటి రాసేదేమున్నది. నీ జాబుల బావ గోడ దిక్కు తిరిగి పండుకున్నడని చదివిననాడు నాకు ఆ గోడ కండ్ల ముందరికొచ్చింది. అవ్వ కూడ ఆ గోడ దిక్కే పండుకునేదని నువ్వే చెప్పినవ్. సూది అయితే పంచుకోరాదు, ఆళ్లే పొడుస్తరు. గోలీ నా చేతికొస్తది. చేతికొచ్చింది సగం చేస్తె ఇద్దరు బతుకుతరనుకున్న. సగం అన్నం తింటె బతుకమా, గట్లనే అనుకున్న.

పడిపోయిననాడు డాక్టరు మళ్ల ఫోటో తీసి, ఇంత మందు మింగినంక ఇట్లెందుకున్నదని అడిగిండు. చెప్పేసిన. ఆయన కోపం చేస్తడనుకున్న. కుర్చీల ఎన్కకు ఒరిగి కండ్లు మూసుకున్నడు. అట్లనే అన్నడు, "సగం మందు మింగితే సగం రోగం పోదు. రోగానికి మందు అలవాటైతది. నువ్వు నీకు, ఆయనకు ఇద్దరికీ ఈ మందు పనికిరాకుండ చేసినవ్." సర్కారు మందు వేరేటోళ్లకిచ్చినందుకు పైకి రాస్తె నా కార్డు పోతదట. రాయనన్నడు. అంత మంచోడు.

ఇప్పుడు నాకు వేరే కొత్త గోలీలు కావాలె. అవి పట్టీల లేవు. మూడో తీరు. సెలవు మీద ఇంట్ల ఉంటున్న.

అక్కా, ఇది మాత్రం మనసు పెట్టి చదువు. రామచంద్రం పిలిచి ఒక సంగతి చెప్పిండు. కార్మికుడు మొగోడైతే పెండ్లాం కుటుంబంలకొస్తది. కార్మికురాలు ఆడామె అయితే మొగడు ఆమె కుటుంబంలకొస్తడట. మిల్లుల కండెల ఖాతాకు ఆడోళ్లను తీసుకుంటున్నరు. కండెలు చుట్టుడు నీకు పుట్టుకతోని వచ్చిన పని. నువ్వు ఈడ నౌకరిల చేరితే బావకు నీ పేరు మీద దవాఖాన దొరుకుతది. పట్టీల ఉన్న మందు ఏదైన పూర్తిగ దొరుకుతది, నా లెక్క సగం కాదు.

రాండ్రి. లింగవ్వే రాయమంటున్నది. ఆమెకు నీ మీద కోపం లేదు. నా మీదనే ఉన్నది.

పర్శరాములు

·

సిరిసిల్ల,
జూలై 1962

తమ్మునికి,

వస్తున్నం. మీ బావ రెండు దినాలు ఒప్పుకోలే. పెండ్లాం నౌకరి చేస్తే మొగడు మందు మింగుడా అన్నడు. నిన్నటిదాక బామ్మర్ది మందు మింగితివి కదా అని నేనన్న. అనరాని మాటే. అన్న. ఆయన లేచి, మూట కట్టు అన్నడు.

నర్మద

·

ఆదిలాబాద్,
మార్చి 1963

తమ్ముడు పర్శరాములుకు, మర్దలు లింగవ్వకు దీవెనలు.

మీరిద్దరు సిరిసిల్ల బస్సెక్కినంక గదికొచ్చి కూసున్న. ఇన్ని నెలలు నలుగురం ఈ ఒక్క గదిల ఒకరి మీద ఒకరం పడి ఉంటిమి. ఇప్పుడు ఇద్దరమే ఉంటె గది పెద్దగైంది. నీ సెలవులు ఖతమైనయని మిల్లోళ్లు పేరు కొట్టేసిన దినం నుంచి నువ్వు నా దిక్కు సూటిగ చూడలే. నేను వచ్చి నీ జాగల కూసున్నట్టు, నువ్వు పోయి నా ఇంట్ల పండుకున్నట్టు అయింది. దీనికి ఎవరిని అనాలె.

కండెల ఖాతాల పని కష్టం కాదు, నిలవడుడే కష్టం. పాదాలు వాస్తున్నయ్. మా ఖాతాల సక్కుబాయి అని మరాఠామె, అక్కా అని పిలుస్తది, పొద్దుమీకి ఉప్పు కాపడం పెడుతది.

ఇన్ని నెలలకు కార్డు వచ్చింది. నా పేరు, నా కింద భర్త సిద్దిరాములు అని రాసిండ్రు. మీ బావ దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసిండు. తన పేరు ఏ కాయితం మీదనైన రాసుడు ఇదే మొదలు అన్నడు.

డాక్టరు నీకు చెప్పిందే చెప్పిండు. పాత గోలీలు ఈయనకు పనిచెయ్యయ్. కొత్తయి కావాలె. నువ్వు అడిగిననాడు పట్టీల లేని ఆ గోలీలు ఈ ఏడు పట్టీల చేర్చిండ్రట. గని దవాఖానల ఉండయ్. హైదరాబాద్ నుంచి మంజూరు రావాలె, చిట్టి మీద బయట కొనాలె, రసీదు పెట్టాలె. మూడో తీరు నుంచి రెండో తీరుకొచ్చినయ్. నీ కార్డు పోయినంక వచ్చినయ్.

అప్పు చేసి మొదటి పొట్లం కొన్న. ఇంటికి తెచ్చి ముందర పెట్టుకున్న. నా చెయ్యి దాన్ని రెండు పాళ్లు చెయ్యనీకి పోయింది. అక్కను కద. సగం నీకు పంపుదామా. నీ మాట కోసం చూస్తున్న.

నర్మద

·

సిరిసిల్ల,
మార్చి 1963

అక్కకు,

వద్దు.

ఒక్క గోలీ కూడ పంపకు. పంపితే ఎన్కకు పంపుత, బావ పంపినట్టే. ఆ డాక్టరు కండ్లు మూసుకొని ఒరిగింది నేను చూసిన, నువ్వు చూడలే. నేను చేసిందాంట్ల ప్రేమ ఉన్నది గని తెలివి లేదు. నువ్వు అది మళ్ల చెయ్యకు. బావ నీ ముందర మింగుతుంటె దగ్గర కూసుండి పూర్తిగ మింగిపియ్యి.

నేను బాగనే ఉన్న అని రాయ. ఇక అబద్ధం రాయ. జరం వస్తున్నది, పోతున్నది. బావ మగ్గం మీద లింగవ్వ కూసుంటున్నది. ఇక్కడి ఆడోళ్లు ఆమెకు నేర్పిస్తున్నరు. నేను పక్కన కూసుండి కండెలు చుట్టి ఇస్తున్న. సిరిసిల్ల ఎండ ఆదిలాబాద్ ఎండ కన్న మెత్తగ ఉన్నది, లేకుంటె నాకే చెమట పట్టే శక్తి తక్కువైందో ఏమో.

పర్శరాములు

·

ఆదిలాబాద్,
ఆగస్టు 1963

తమ్ముడూ,

మీ బావ పోయిండు. సోమవారం పొద్దున. పోస్టాఫీసుల తార్ ఇచ్చినం గని వానలకు తీగలు తెగి నీకు అందినట్టు లేదు. హనుమండ్లు, సక్కుబాయి ఇంటోళ్లు అంత చూసుకున్నరు.

మంజూరు రెండుసార్లు తిరిగొచ్చింది. ఒకసారి నా పేరు తప్పు రాసిండ్రని. ఇంకోసారి ఫోటో పాతదని. మంజూరు లేని మందుకు రసీదు పెట్టనియ్యరు. కొన్నంత కాలం కొన్న. నడుమ ఆగింది. ఆగకపోయుంటె బతుకుతుండెనా అని డాక్టరును అడిగిన. ఆయన చెప్పలేనమ్మా అన్నడు.

ఆఖరి పొద్దు మాట మంచిగనే ఉండె. నన్ను మిల్లుకు పొమ్మన్నడు, నాగా పడితే తన్ఖ కోస్తరని. పోలే. "నీ తమ్ముడు మందు మింగుతుండా" అని అడిగిండు. మింగుతుండని చెప్పిన. నీకిప్పుడు మందే లేదని ఎట్ల చెప్పాలె. సరే అని కండ్లు మూసుకున్నడు.

నువ్వు మనసుల ఏం పెట్టుకుంటవో నాకు తెలుసు. నేనే చంపిన అనుకుంటవ్. అనుకోకు. కరీంనగర్ల గోలీలు లేవన్ననాడే ఆయన పోయేటోడు. నీ సగం మందు మాకు ఒక ఎండకాలం ఇచ్చింది. ఆ ఎండకాలం ఆయన నా పక్కన కూసున్నడు, నవ్విండు, మగ్గం ఎక్కిండు. ఇన్నేండ్ల కాపురంల నేను మొగనితోని బతికింది ఆ ఎండకాలమే. అది నువ్విచ్చిందే. దాన్ని తప్పని నా ముందర ఎన్నడు అనకు.

ఇప్పుడు రావద్దు. వానల తడుస్తవ్.

నర్మద

·

సిరిసిల్ల,
జనవరి 1964

అక్కకు,

ఇన్ని నెలలు రాయలే. రాయనీకి చెయ్యి రాలే. నువ్వు ఊరికొచ్చి దినాలు చేసి పోయినప్పుడు కూడ మనం మాట్లాడింది తక్కువే. ఇప్పుడు రాయాల్సిన సంగతి ఉన్నది.

కరీంనగర్ల టీబీకే ప్రత్యేకం ఒక దవాఖాన కొత్తగ పెట్టిండ్రని ఊర్లె అనుకున్నరు. నేను పోనన్న. లింగవ్వ బలిమిటికి బస్సెక్కిచ్చింది. బీడీలు చేసేటోళ్లు, ఎవుసం చేసేటోళ్లు, మన సాంచెలోళ్లు, అందరు ఒక్క వరుసల నిలవడ్డరు. నేను జేబుల నుంచి ఆ పాత బీమా కార్డు తీసి పట్టుకున్న. చెల్లని కార్డే గని చేతికి అలవాటైంది. బల్ల కాడ కూసున్న నర్సమ్మ అది చూసి, లోపల పెట్టుకో తాతా అన్నది. తాతా అన్నది అక్కా, నాకింక ముప్పై రెండేండ్లే. పేరేంది అన్నది. ఊరేంది అన్నది. ఎన్ని దినాల సంది దగ్గు అన్నది. రాసుకున్నది. ఎక్కడ పనిచేస్తవని అడగలే. ఎవరి కుటుంబమని అడగలే. నేను ఇంకేమన్న అడుగుతదేమోనని ఆడనే నిలవడ్డ. పక్కకు జరుగుమన్నది, ఎన్క మంది ఉన్నరని.

పాత సంగతి అంత డాక్టరుకు చెప్పిన. దాస్తె మళ్ల తప్పైతదని. పాత గోలీలు పనిచెయ్యకున్నా, సూదులు నేను పంచలే కద, అవి ఇంక పనిచేస్తయన్నడు. సూదులు, వాటెంబడి వేరే పచ్చ గోలీలు పెట్టిండ్రు. దసరా ముందట పోయిన, మొన్న తెమడ పరీక్ష చేసిండ్రు. రోగం కనపడుతలేదట. ఎడమ దిక్కు ఊపిరితిత్తి ముడుచుకపోయింది, అది ఇంక తెరుచుకోదు. బరువు పని, మిల్లు పని జీవితంల చెయ్యొద్దన్నరు. ఏడాది దాక మందు మానొద్దన్నరు. మాన.

బతుకుత అన్నరు అక్కా. ఆ మాట విని నాకు సంతోషం ముందు రాలే. ఈ బల్ల, ఈ నర్సమ్మ రెండేండ్ల ముందట ఉంటె బావ ఈ వరుసల నా ముందర నిలవడేటోడు అన్నదే వచ్చింది.

మగ్గం లింగవ్వకు చేతనైంది. నా కండెలు ఆమెకు నచ్చుతలేవు, బిగువు చాలదంటది.

నువ్వు ఎప్పుడొస్తవ్. ఇల్లు నీది.

పర్శరాములు

·

ఆదిలాబాద్,
ఫిబ్రవరి 1964

తమ్మునికి, మర్దలుకు అక్క దీవెనలు.

నీ జాబు ఖాతాల చదివిన. సక్కుబాయి నా మొకం చూసి మళ్ల ఎవరు పోయిండ్రని భయపడ్డది. ఎవరు పోలే, ఒకడు ఉన్నడని చెప్పిన.

ఇప్పుడే రాను. నౌకరి విడిచిపెడితే నేను ఈడ చేసేదేమి లేదు, ఆడ చేసేదేమి లేదు. మగ్గం లింగవ్వ చేతికి అలవాటైంది, దాన్ని అట్లనే ఉండనియ్యి. ఒక ఇంట్ల ఒక తన్ఖ ఉండాలె. అలిసిపోయిన గని నిలవడుడు ఇప్పుడు కాళ్లకు తెలుస్తలేదు.

మొన్న దవాఖాన నుంచి పిలుపొచ్చింది. మీ బావ మందు పైసలు మంజూరైనయట. మనిషి పోయి ఆర్నెల్లైనంక. రామచంద్రం వాటిని బల్ల మీద పెట్టి దస్కతు చేపిచ్చుకున్నడు గని తల ఎత్తలే. తీసుకున్న. తీసుకోకుంటె ఎవరికి పోతయ్. నీకు మనియార్డరు చేసిన, కరీంనగర్ పోయొచ్చే బస్సుకు అక్కరకొస్తయ్. వద్దని జాబు రాయకు.

పైసలిచ్చినంక ఆయన నా కార్డు అడిగిండు. సిద్దిరాములు పేరు మీద గీత కొట్టాలె అన్నడు. కొట్టు అన్న. మెల్లగ కొట్టిండు, కాయితానికి నొప్పి కాకుండ కొట్టినట్టు. తర్వాత కలం పట్టుకొని, ఇది అడగాలె కాబట్టి అడుగుతున్న అమ్మా, మీ కుటుంబంల ఇంకెవరున్నరు అన్నడు.

"తమ్ముడున్నడు" అన్న.

ఆయనకు తెలుసు. నాకు తెలుసు. నువ్వు అడిగి రెండేండ్లైంది, కానూన్ మారలే. "తమ్ముడు దీంట్ల రాడమ్మా" అన్నడు.

"రాకుంటె రాయకు. ఉన్నడని చెప్తున్న" అన్న.

నర్మద